కత్తెర తీసేసిన అక్షరాలు

మా అమ్మ కుట్టుమిషన్ల మెకానిక్. మా ముందుగదే ఆవిడ షాపు. ఎవరైనా మిషను తెస్తే వెంటనే విప్పేది కాదు. ముందు దాని మీదికి వంగి, చెవి ఆనించి, చక్రం రెండుసార్లు తిప్పేది. "అడుగున షటిల్ అరిగిపోయింది" అనో, "నూనె చూసి ఎన్నాళ్ళయింది తల్లీ ఇది" అనో అప్పటికప్పుడే చెప్పేసేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

నాలుగేళ్ళ కిందట జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరింది. మూత్రపిండాల్లో చీము పట్టిందన్నారు. పేరు రాయించేచోట కూర్చున్న అమ్మాయికి నేనే దగ్గరుండి చెప్పాను: ఫలానా సూదిమందు వల్ల మా అమ్మమ్మకు చెవులు పోయాయి, మా ఇంట్లో వాళ్ళకు అది పడదు, వేయొద్దు అని. ఆ అమ్మాయి మంచిది. మా భాషలోనే, నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేసి, చదివి వినిపించింది కూడా. నేను నిశ్చింతగా ఇంటికెళ్ళి అమ్మకు బట్టలు సర్దుకొచ్చాను.

పైన వార్డులో కంప్యూటర్లు కొత్తవి. వాటిలో మా భాష ఫాంటు లేదు. ఫాంటు లేకపోతే అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా వస్తుంది. నేను రాయించిన మూడు వాక్యాలూ డాక్టరు ముందు మూడు వరసల డబ్బాలై నిలబడ్డాయి. ఆయన ఏదో యంత్రం తప్పనుకుని పక్కకు జరిపేశాడు. అదే సూదిమందు ఏడు రోజులు వేశారు.

తొమ్మిదో రోజు పొద్దున అమ్మ నన్ను అడిగింది, "ఏమే, ఇవాళ వార్డు ఇంత నిశ్శబ్దంగా ఉందేం?" అని. పక్కమంచం ఆవిడ అప్పుడు గొంతు చించుకుని నర్సును పిలుస్తోంది.

ఆసుపత్రి వాళ్ళు చాలా బాధపడ్డారు. బాధపడి ఏం లాభం? ఇంటికొచ్చాక అమ్మ అలవాటుగా ఒక మిషను మీదికి వంగింది. చక్రం తిప్పింది. మళ్ళీ తిప్పింది. అలాగే చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అప్పటికి నేను ఒక బీమా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్నాను. ఆ డబ్బాలు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆయన్ని పట్టుకున్నాను.

"ఈ ఆపరేటింగ్ సిస్టమ్ పాత వెర్షన్ వేస్తే మీ ఫాంటు దానంతటదే వచ్చేదమ్మా," అన్నాడాయన. "కింద పేర్లు రాసే బల్ల దగ్గర ఉన్నది అదే. కొత్త వెర్షన్ ఇన్‌స్టాలర్‌లోంచి తీసేశారు. వార్డు కంప్యూటర్లకు మేం నెట్ ఇవ్వం, కాబట్టి విడిగా దించుకునే దారీ లేదు."

"ఎవరు తీసేశారు?"

"అదంతా ఆ కంపెనీ వాళ్ళు నెట్‌లో బయటే పెడతారు. ఎవరైనా చూసుకోవచ్చు."

చూశాను. ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎవరు ఏ రోజు ఏం మార్చారో వరసగా రాసి ఉంది. ఒక మంగళవారం నాడు ఒక మనిషి ముప్ఫై ఎనిమిది భాషల ఫాంట్లు తీసేసి, కింద కారణం రాశాడు: "డిస్కు తేలికవుతుంది. అవసరమైనవాళ్ళు నెట్‌లోంచి దించుకుంటారు."

నేను మర్యాదగానే ఉత్తరం రాశాను. జరిగింది చెప్పి, దయచేసి తిరిగి పెట్టండి అన్నాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీకు జరిగినదానికి విచారిస్తున్నాం. మీ భాష వాడేవాళ్ళు మా వినియోగదారుల్లో ఒక శాతం కూడా లేరు. కింద అదే మనిషి పేరు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం అమ్మకు చూపించాను. చదివి, మడిచి, నూనెడబ్బా కింద పెట్టింది.

"ఈ మనిషిని వదలొద్దు," అంది. తన గొంతు తనకు వినపడదు కదా, వీధిలోకి వినపడేంత గట్టిగా అంది.

ఏడాది తిరక్కుండా ఆ కంపెనీలో, ఆ ఇన్‌స్టాలర్ టీములోనే, ఆ మనిషి చేతికిందే ఉద్యోగం సంపాదించాను. ఆ ఉత్తరం రాసింది నేనేనని ఆయనకు గుర్తు లేదు. అలాంటివి ఎన్నో వస్తాయి కాబోలు. ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల కత్తెర అనేవాళ్ళు. ఏది చూసినా, "ఇది తీసేస్తే పోయేదేముంది?" అనడం ఆయన ఊతపదం. మనిషి చెడ్డవాడేం కాదు. టీ తనే కలిపి అందరికీ ఇచ్చేవాడు. సెలవు అడిగితే కాదనేవాడు కాదు. పద్నాలుగేళ్ళుగా చెట్లూ గుట్టలూ ఎక్కి పక్షిగూళ్ళ ఫొటోలు తీస్తున్నాడు. ఖాళీ దొరికితే వాటిని చూపించేవాడు. నేనూ చూసేదాన్ని. "బాగున్నాయండీ" అనేదాన్ని. అంటూ ఆ చేతివేళ్ళనే చూసేదాన్ని.

రెండేళ్ళు కాచుకున్నాను. ఫాంట్లు తిరిగి పెడదామని మీటింగుల్లో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నవ్వి కొట్టిపారేశాడు.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పెద్ద కొనుగోలుదార్లను పిలిచి, వాళ్ళ ముందు తన సొంత ల్యాప్‌టాప్ మీదే దాన్ని ఎక్కించి చూపించడం కత్తెరకు సరదా. "నా వస్తువు మీదే వేసుకుంటున్నానంటే ఇక మీకు భయమెందుకు?" అనేవాడు. ఆసారి వచ్చేది ఆసుపత్రుల వాళ్ళు. డిస్కు తయారుచేసే పని నాకు పడింది.

ప్రపంచంలో దొరికిన ప్రతి భాష ఫాంటూ అందులో పెట్టాను. ఒక్కటే తీసేశాను, ఆయన భాషది. దొంగచాటుగా చేయలేదు. మార్పుల పట్టికలో నా పేరుతోనే రాసి, కింద కారణం కూడా రాశాను: "డిస్కు తేలికవుతుంది. అవసరమైనవాళ్ళు నెట్‌లోంచి దించుకుంటారు." ఆమోదం కోసం ఆయనకే పంపాను. చదవకుండానే సరే అని నొక్కేశాడు.

ముందురోజు మధ్యాహ్నం కత్తెర ల్యాప్‌టాప్ నా బల్ల మీదికి వచ్చింది, హాల్లో పెద్ద తెరకు కలిపి సరిచూడమని. పక్షిగూళ్ళన్నీ దాంట్లోనే ఉన్నాయని నాకు తెలుసు. విడిగా కాపీ లేదనీ తెలుసు. నా సంచిలో ఖాళీ హార్డ్‌డిస్కు ఉంది. కాపీ తీయడానికి అరగంట చాలు. దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టాను కూడా. అప్పుడు అమ్మ మిషను మీద చెవి ఆనించి ఉండిపోయిన తీరు కళ్ళ ముందుకొచ్చింది. తిరిగి సంచిలో పడేశాను.

మర్నాడు హాల్లో నలభైమంది ఉన్నారు. డిస్కు పెట్టగానే వెనక పెద్ద తెర మీద భాషల జాబితా వచ్చింది. ఒక్కో భాష పేరు ఆ భాష లిపిలోనే ఉంది. వంపులు, గీతలు, చుక్కలు, గుండ్రాలు. వాటి మధ్య ఒక్క వరస మాత్రం ఖాళీ డబ్బాలు. తన భాష ఉండే చోటు అదేనని కత్తెరకు తెలుసు, దాన్నే నొక్కాడు. అక్కణ్నుంచి తెరంతా డబ్బాలే.

"ఏమైంది దీనికి?" అన్నాడు నావైపు తిరిగి.

"ఏం కాలేదండీ. మీ ఫాంటు పెట్టలేదు, అంతే."

"పెట్టకపోవడమేంటి? ఇప్పుడు నేను చదవడమెలా?"

"అవసరమైనవాళ్ళు నెట్‌లోంచి దించుకుంటారు కదండీ."

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ఎక్కడిదో గుర్తు రాలేదు. ఇన్‌స్టాల్ పూర్తయితేగాని నెట్ రాదని ఆ గదిలో నాకూ ఆయనకూ తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ముందువరసలో కూర్చున్న ఒక పెద్ద నర్సమ్మ పక్కావిడతో అంది, "మా వార్డులో రోజూ ఇదే కదా!" గుసగుసలాడినా హాలంతా వినబడింది. ఎవరో నవ్వారు.

ఆ నవ్వుతో ఆయనకు పౌరుషం వచ్చింది, వెనక్కి వెళ్ళి ఇంకో భాష ఎంచుకోలేదు. "ఇది కట్టింది నేనండీ. కళ్ళు మూసుకుని నొక్కగలను," అన్నాడు. తెర మీద రెండు మీటలున్నాయి, రెండింటి నిండా డబ్బాలే. ఒకటి పాతవన్నీ అలాగే ఉంచేది, ఇంకొకటి అన్నీ తుడిచేసేది. ఎప్పుడూ కుడివైపున ఉండేది ఉంచే మీట. నెల కిందట డిజైన్ వాళ్ళు వాటిని అటూ ఇటూ మార్చారు. దానికీ ఆయనే సరే అన్నాడు.

ఆపొచ్చు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

కుడివైపుది నొక్కాడు. పచ్చగీత ఒకటి మెల్లగా నిండడం మొదలుపెట్టింది. సగం దాటాక ఆయనకు అనుమానం వచ్చింది. మొహం పాలిపోయింది. "ఇది... ఇది తుడుస్తోందా?" అని నన్నే అడిగాడు, పసిపిల్లాడిలా. నేను తలూపాను.

నాకు జాలి వేయాలి. వేయలేదు. ఒళ్ళంతా చల్లబడ్డట్టు హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రమే నన్ను పనిలోంచి తీసేశారు. పెద్ద నర్సమ్మ మాత్రం ఊరుకోలేదు. అన్ని భాషల ఫాంట్లూ ఇన్‌స్టాలర్‌లోనే, ఎవరూ అడగకుండానే వచ్చేలా ఉంటేనే కొంటామని మిగతా ఆసుపత్రుల వాళ్ళను కూడగట్టింది. తరవాతి వెర్షన్ అలాగే వచ్చింది. ఆ మార్పు చేసింది కత్తెరే. ఈసారి కారణం ఏమీ రాయలేదు.

అమ్మ అప్పటికి పెదాల కదలికను బట్టి మాటలు పోల్చుకోవడం నేర్చుకుంది. ఆ రోజు జరిగింది నాచేత ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు.

"మెల్లగా చెప్పవే. పచ్చగీత కదులుతున్నప్పుడు మొహం ఎలా పెట్టాడు?"

"తెల్లగా పాలిపోయిందమ్మా."

"మళ్ళీ చెప్పు."

రెండు నెలలకు ఆయన మా ఇంటికొచ్చాడు. నేను ఎందుకలా చేశానో వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళి, నా పాత ఉత్తరం దొరకబుచ్చుకున్నాడట. చిక్కిపోయాడు. ముందుగదిలో విప్పేసిన మిషన్ల మధ్య స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుంది.

"అమ్మా," అన్నాడు, "ఆ రోజు నేను..."

అమ్మ కళ్ళు మూసుకుంది.

ఆయన ఆగాడు. నావైపు చూశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. ఒక్కొక్క మాటా నాకు వినబడుతూనే ఉంది, మంచి మాటలే. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కదలకుండా కూర్చుంది. ఆయన లేచి చెప్పులు వేసుకుని, వీధి మలుపు తిరిగాక, నేను భుజం తట్టేదాకా తెరవలేదు.

"వెళ్ళాడా?" అంది.

"వెళ్ళాడు. ఏమన్నాడో చెప్పనా?"

"వద్దు," అని స్క్రూడ్రైవరు అందుకుంది.

ఇప్పటికీ అడగలేదు. నేనూ చెప్పలేదు.