ఏసుపాదం పెదవుల మీద

అమెరికాలోని షాంటిలీలో ఆ తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చివారి ఆటల హాలు, జిమ్, అద్దెకు తీసుకునేవారు. అందుకే 1983 అక్టోబరులో, ఏసుపాదం పోయిన నలభయ్యో రోజున, ఆయన జ్ఞాపకార్థ కూడిక బాస్కెట్‌బాల్ రింగు ఎదుటే జరిగింది. ఫొటో ఉన్న బల్లని రింగు వెనక గోడకు ఆనించారు. బతికినన్నాళ్లూ ఆయన ఉండాలనుకున్న చోటే పెట్టారని దేవకుమారికి నవ్వొచ్చింది. మొగుడు పోయాక నవ్వడం అదే మొదలు. కొంగు అడ్డం పెట్టుకుంది.

పై కిటికీల్లోంచి పడే ఎండలో దుమ్ము మెల్లగా తేలుతోంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. మాటలన్నీ నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టున్నాయి.

సాక్ష్యాలు మొదలయ్యాయి. ఏసుపాదంతో కాలేజీ జట్టులో ఆడిన సుందర్ రాజ్ లేచి యాభై తొమ్మిది ఫైనల్ కథ ఎత్తుకున్నాడు. సంఘంలో అది వినని చెవి లేదు, అయినా అతను వదలడు.

"ఒక్క పాయింటు వెనకున్నాం. టైమ్ అయిపోయింది. రెండు ఫ్రీ త్రోలు మిగిలాయి, గీత దగ్గర నిలబడి ఎవరి అడ్డూ లేకుండా విసిరేవి. అన్నయ్య మోకాళ్లు వంచాడు, బంతి కిందికి దించాడు, పెదాలు కదిలాయి. ప్రార్థన చేశాడండీ. రెండూ పడ్డాయి. స్టేట్ చాంపియన్స్ అయ్యాం. ఆయన పేరున యూత్‌కి ఒక కప్పు పెడదాం. దాని మీద 'ప్రార్థించి గెలిచినవాడు' అని చెక్కిద్దాం."

అందరూ ఆమెన్ అన్నారు.

ఆ ఫైనల్లో ఓడిన జట్టువాడు, ఇప్పుడు గుండె డాక్టరు రాజగోపాల్, వెనక కుర్చీలో గొంతు సవరించుకున్నాడు. ఇరవై నాలుగేళ్లయినా ఆ ఓటమి అతనికి అరగలేదు.

"మేమూ దణ్ణం పెట్టుకునే ఆడాం, రాజ్. అది ప్రాక్టీస్. అయినా రెండు చేతులతో కిందనుంచి విసరడం ఏం ఆట? ఇక్కడి పిల్లలు చూస్తే నవ్వుతారు. మంచి మనిషి, ఒప్పుకుంటాను. గ్రేట్ ప్లేయరంటే మాత్రం ఆలోచించాలి."

"ఓడినవాళ్ల సాక్ష్యం ఇక్కడ తీసుకోంలెండి, డాక్టర్ గారూ," అన్నాడు సుందర్ రాజ్. వాదన పెరిగింది.

దేవకుమారి ఆ ఎండలోంచి పెళ్లికి ముందటి నరసాపురం చేరిపోయింది. బాలికల మిషన్ స్కూలు. ఊళ్లో రింగు ఉన్నది అక్కడే. ఆడపిల్లలు హాస్టలుకు వెళ్లాక కాలేజీ కుర్రాళ్లు వచ్చేవారు. డ్రిల్లు మాస్టారి కూతురు కనక ఆమె మాత్రం ఉండిపోయేది. వాళ్లలో పొడుగాయన, ఏసుపాదం, పదికి తొమ్మిది తప్పుతుంటే చూడలేక తమ ఆడపిల్లలు కిందనుంచి విసిరే త్రో చూపించింది. ఒకటికి మోకాళ్లు, రెండుకి చేతులు, మూడుకి వదిలెయ్యడం. పెదాలతో లెక్కపెట్టుకోమంది. అది పెళ్లిదాకా వచ్చింది. జనం ఆ లెక్కని ప్రార్థన అనుకున్నారు. ఆయన దిద్దలేదు. భక్తుడన్న పేరు తియ్యగానే ఉండేది మరి. "నువ్వు నేర్పిన లెక్కేనని చెప్తాన్లే, కుమారీ," అనేవారు. ఇరవై ఏళ్లపైన అదే మాట. ఆమెకు కోపం ఉండేది. ఇప్పుడూ ఉంది.

ఇవాళ నోరు విప్పకపోతే ప్రార్థన అన్న మాట కప్పు ఇత్తడికెక్కుతుంది. విప్పితే ఫొటోలో మనిషి అబద్ధికుడవుతాడు.

"అమ్మగారూ, రెండు మాటలు," అన్నారు పాస్టర్ గారు, వాదన ఆపడానికి.

ఆమె లేచి గోడవార ఉన్న బంతి తీసుకుంది. చెప్పులు విడిచి గీత దగ్గర నిలబడి, తెల్లచీర కొంగు దోపుకుంది. మోకాళ్లు వంగాయి, పెదాలు కదిలాయి. బంతి ఎండలోకి లేచి, చాలాసేపు అక్కడే ఉన్నట్టుండి, వలలోంచి జారి బల్ల ముందు పడింది.

"అచ్చం అన్నయ్యే, వదినా," అన్నాడు సుందర్ రాజ్ కళ్లు తుడుచుకుంటూ. "ప్రార్థనా అలాగే."

"ప్రార్థన కాదు, రాజ్. లెక్కపెట్టాను. ఆయనా లెక్కే పెట్టేవారు. నేర్పింది నేను."

రాజగోపాల్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "అయితే మమ్మల్ని ఓడించింది మీరామ్మా," అన్నాడు.

ఆమె ఫొటోవైపు చూసింది.

"ఆస్పత్రిలో ఆఖరిరోజు ఆయన పెదాలు కదుపుతుంటే ప్రార్థనే అనుకుని మీరంతా తలలు వంచారు. నేను చెవి ఆనించాను. ఒకటి, రెండు అని ఆగిపోయి నావంక చూశారు. మూడు నేనన్నాను."