వంద గింజల పాఠం

చుట్ట చుట్టిన జంపఖానా ముక్క మీద చంద్రమౌళి దోసిలితో నీళ్లు చల్లి, రెండు కొసలూ పట్టి మెల్లగా ఒత్తాడు. గట్టిగా ఒత్తితే లోపలి గింజలు ఎండుతాయి, ఒత్తకపోతే మురుగుతాయి. ఎంత ఒత్తాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, వేళ్లకే తెలియాలి. చుట్టను స్టాఫ్ రూం కిటికీ గట్టున ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, చేతులు జేబురుమాలుకు తుడుచుకున్నాడు.

అటెండర్ మొగిలయ్య చీపురు గోడకు ఆనించి చూస్తున్నాడు.

"ఇంకో వారం నీళ్లు పోస్తే కాలేజీల పత్తి చేను లేస్తది సార్. కలుపుకు నన్ను పిలువకుండ్రి."

"నిన్నెవడు పిలుస్తడు? నువ్వు కలుపు తీస్తే పత్తి పోయి గడ్డి మిగులుతది."

హనుమకొండలోని ఆ ప్రైవేటు లా కాలేజీలో చంద్రమౌళి పందొమ్మిదేళ్లుగా గెస్టు లెక్చరర్. వ్యవసాయ, ఆహార చట్టాలు చెబుతాడు. అంటే విత్తనాలు, ఎరువులు, మార్కెట్ యార్డు, కల్తీ నూనె. పిల్లలు వెనకాల 'మొలకల సార్' అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కోపం లేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, బక్కపలచన. చొక్కా పాతదే అయినా ఇస్త్రీ మడత చెదరదు. పాఠం చెబుతుంటే కుడికాలు తనంతట తనే కిందికీ పైకీ ఆడుతుంది. కొత్తవాడ ఇంట్లో డిగ్రీ అయ్యేదాకా తండ్రి పక్కన మగ్గం తొక్కిన కాలు అది, చదువుకున్నా మరిచిపోలేదు.

పర్మనెంటు పోస్టు కోసం రెండుసార్లు ఇంటర్వ్యూకు పోయాడు. మొదటిసారి ఆ సబ్జెక్టుకు పోస్టే లేదన్నారు. రెండోసారి పోస్టు ఉంది కానీ, కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన నీకు ఎన్నెకరాల భూమి ఉందని అడిగాడు. మాది మగ్గం సార్ అన్నాడు చంద్రమౌళి. అందరూ నవ్వారు. వాళ్లతోపాటు ఆయనా నవ్వి ఇంటికి వచ్చాడు. పీహెచ్‌డీ సగంలో ఉండగా గైడు రిటైరయ్యాడు. ఆ సగం స్టాఫ్ రూం బీరువాలో కింది అరలో ఉంది. ఇన్ని చట్టాలు చదివినవాడికి తన కొలువు దగ్గర ఒక్క చట్టమూ అక్కరకు రాలేదు.

ఏటా మొదటి క్లాసులో పుస్తకం తెరవడు. వంద గింజలు లెక్కపెట్టించి, తడిబట్టలో వరుసగా పేర్పించి చుట్టిస్తాడు. ఏడో రోజు విప్పిస్తాడు. సంచి మీద డెబ్బై అయిదు మొలవాలని రాసి, బట్టలో యాభై మొలిస్తే అది దగా. "కోర్టు పంట పోయినంక వస్తది. ఈ బట్ట ముందుగాలనే చెప్తది" అంటాడు. తోటి లెక్చరర్లు ఇది లా కాలేజీయా, విత్తనాల దుకాణమా అని నవ్వుకునేవారు. కానీ మృగశిర కార్తె వచ్చిందంటే ఎప్పుడో చదివి వెళ్లిన పిల్లల తండ్రులు ఆయనకే ఫోన్ చేసేవారు.

ఈ ఏడు కొత్త రూలు పెట్టారు. పదిమందైనా కోరుకోని పేపరు ఎత్తేస్తారు. పేపరు పోతే చెప్పేవాడూ పోతాడు. ఫారాలు ఇవ్వడానికి ఇవాళ సాయంత్రం నాలుగు దాకే గడువు. ఆయన ఫైల్లో తొమ్మిది ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తిని మూసేశాడు. మళ్లీ తొమ్మిదీ లెక్కపెట్టాడు. తొమ్మిదే.

మూడున్నరకు ఇందు వచ్చింది. మడికొండ అవతల పత్తి పండించే గట్టయ్య బిడ్డ. కిటికీలో నానుతున్నవి గట్టయ్య కొన్న గింజలే. అయిదు రోజుల కింద ఆ అమ్మాయే పొట్లం కట్టి తెచ్చింది. మొన్న వాన పడింది, చుట్టుపక్కల వాళ్లంతా గింజ పెట్టేశారు. మీ సార్ బట్ట కోసం నేనొక్కణ్ణే గట్టు మీద కూసున్న అని గట్టయ్య రోజూ తిడుతున్నాడట.

ఇందు చేతిలో ఫారం ఉంది. పేపరు పేరు దగ్గర ఖాళీ. కంపెనీ చట్టం పేపరు రాస్తే హైదరాబాద్‌లో ఒక ఆఫీసువాళ్లు పనికి తీసుకుంటామన్నారని చెప్పింది. చంద్రమౌళి పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. విత్తన చట్టం తెలిసిన వకీళ్లు జిల్లాలో ఎంత తక్కువో చెప్పాడు. రైతు ఇంటి పిల్లకు ఇది ఎంత అవసరమో చెప్పాడు. టేబుల్ కింద కాలు ఆడుతూనే ఉంది.

ఇందు అంతా విని, మెల్లగా అడిగింది. "మీకు ఏమొచ్చింది సార్ దీంతోని?"

ఎకసెక్కం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆయన గోడ గడియారం చూశాడు. కిటికీ చూశాడు.

"నాకేం రాలే బిడ్డా. ఇష్టం ఉండె, చెప్పిన. గంతే."

ఆయన ఫారం తన వైపు లాక్కుని, మళ్లీ ఆమె వైపు తిప్పాడు.

"కంపెనీ లా రాయి. గింజలు లెక్కపెట్టుడుకు పేపర్ ఎందుకు, నీకు వస్తది కదా."

ఆమె రాసింది. తనది పదో ఫారం అయ్యేదని ఆమెకు తెలియదు. ఆయన చెప్పలేదు.

నాలుగింటికి ప్రిన్సిపాల్ తొమ్మిది ఫారాలనూ రెండుసార్లు లెక్కపెట్టాడు. మంచివాడే, బాధపడ్డాడు, చాయ్ తెప్పించాడు. చంద్రమౌళి చాయ్ పూర్తిగా తాగి, బీరువా తాళంచెవి టేబుల్ మీద పెట్టి వచ్చాడు. సంచిలో టిఫిన్ డబ్బా, సగం పీహెచ్‌డీ సర్దుకున్నాడు. కిటికీ దగ్గర ఆగి చుట్టను చేత్తో తాకి చూశాడు. మొగిలయ్యను పిలిచాడు.

"ఎల్లుండికి ఏడు రోజులు. మూడు పూటలు నీళ్లు చల్లు. గట్టిగ ఒత్తకు."

"మీరు రారా సార్?"

"పేపరు లేదు కదా మొగిలయ్యా."

గేటు బయట కొత్తవాడ ఆటో ఎక్కాడు. ఎండ ఇంకా ఉంది.

ఏడో రోజు ఇందు వచ్చేసరికి చుట్ట తడిగానే ఉంది. మొగిలయ్య జరిగిందంతా చెప్పాడు, ప్రిన్సిపాల్ రూములో చాయ్ ఇస్తూ విన్న పదో ఫారం సంగతి కూడా. టేబుల్ మీద చుట్ట విప్పి, ఒక్కో మొలకనూ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. తప్పిందేమోనని మళ్లీ మొదటినుంచీ. నలభై మూడు. తండ్రికి ఫోన్ చేసింది.

"బాపూ, పెట్టకు. సంచి, రసీదు పారెయ్యకు, పైలం."

అవతల గట్టయ్య గింజలు అమ్మినవాణ్ణి నోరారా తిట్టాడు. తర్వాత, మీ సార్‌కు చెప్పు, బతికిచ్చిండు అన్నాడు.

ఆమె మొలకలన్నీ ఏరి, నల్లా కింద ఆ బట్టను ఉతికి, కిటికీ ఊచలకు ఆరేసింది. చంద్రమౌళి తండ్రి నేసిన ఎర్ర అంచు జంపఖానా అది. ఎంత ఉతికినా, తెల్లటి సన్నని మొలక వేళ్లు కొన్ని దాని దారాల్లోనే ఉండిపోయాయి.