రాణి బట్టకు జేబు

శుక్రవారం పొద్దున దోహాలో, అల్ మన్సూరాలోని కుట్టు దుకాణం షట్టరు సగం దించి, నాగూర్ మిషను మీద వంగి కుడుతున్నాడు. ఖతార్ వచ్చిన ఈ ఏడేళ్లలో, అంటే ఈ 1996 దాకా, ఆ సూది కింద నడిచినవన్నీ కంపెనీ పనివాళ్లు ఒంటినిండా తొడిగే నీలం డాంగ్రీలే. ఈరోజు మాత్రం రాణిగారి బట్ట.

యాభై ఐదేళ్ల మనిషి. కుడిభుజం కాస్త జారి ఉంటుంది, కత్తెర పట్టే వేలి మీద కాయ. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లు నాటక సమాజానికి కిరీటాలు అతికించి, తెరల మీద రాజమందిరాలు రాసిన చేయి అది. సమాజం మూతపడింది. ఇప్పుడాయనకు జాబు రాసే మనిషి కూడా ఎవరూ లేరు.

దోహా తెలుగువాళ్ల కోసం పాత పౌరాణిక నాటకాన్ని కొత్తగా వేయిస్తున్న ఇంజనీరు సుధాకరరావు, "కిరీటాలొద్దు, మన కాలపు మనుషుల్లా ఉండాలి" అన్నప్పుడు నాగూర్ మనసు చివుక్కుమంది. వారమంతా ఆలోచించి, సైటులో పారేసిన ఇనుపగొట్టాలతో, ప్యాకింగు చెక్కలతో రాజమందిరం నిలబెట్టించాడు. రాజ్యం పోయిన రాజుకు కొత్త డాంగ్రీ కుట్టలేదు. ఎండకు వెలిసినదాన్ని మెసైమీర్ కూలీల క్యాంపులో అడిగి తెచ్చాడు.

జుమ్మా నమాజు ముగించుకుని, కుట్టిన బట్టతో హాలుకు వెళ్లాడు. దాసిగా అమ్ముడుపోయిన రాణి వేషం నర్సు ఇందిరాదేవిది. ఆమె తొడుక్కుని వచ్చింది. ముతక బూడిదరంగు గౌను, పక్కన పెద్ద జేబు.

"రాణికి జేబెందుకండీ? తెల్లచీర చాలదూ?" అన్నాడు సుధాకరరావు.

"పనికి పోయే ఆడమనిషి సార్. తలనొప్పి బిళ్ల, ఇంటికాడి నుంచి వచ్చిన జాబు యాడ దాచుకుంటాది?" నాగూర్ గొంతు తగ్గింది. "మా ఇంటామె ఆయేషా కువైట్‌లో ఇట్లనే పనిచేసింది. జేబుండే గౌనొకటి కుట్టి పంపమని రాసింది. నాటకాల సీజను, తీరిక లేకపాయ. ఆ యేడే జరమొచ్చి ఆడనే పోయింది."

"ఉండనివ్వండి," అన్నాడు సుధాకరరావు.

నాగూర్ వేదిక ఎక్కి, గౌను అంచు సరిచేసి, దిగిపోయి చివరి వరుసలో కూర్చున్నాడు. రిహార్సల్ మొదలైంది. భర్తను గుర్తుపట్టే చోట ఇందిరాదేవి పద్యం ఎత్తుకోబోయి ఆగింది. ఎవరూ చెప్పకుండానే ఆమె చేయి జేబులోకి పోయి, పిడికిలి బిగుసుకుంది. ఆ తర్వాతే గొంతు లేచింది. నాగూర్ తల ఆడించి, కుర్చీకి వెనక్కి వాలాడు.

"ఎలా వచ్చింది నాగూర్ గారూ?" పద్యం అయ్యాక ఆమె వేదిక మీది నుంచే అడిగింది.

నాగూర్‌కు నిద్రపట్టిందనుకున్నారు. ఆమె దిగివచ్చి ఆయన మణికట్టు పట్టుకుని నాడి వెతికింది, దొరకలేదు. చాలాసేపు వదల్లేదు.

ఆయన్ను తీసుకుని అందరూ వెళ్లిపోయాక వేదిక మెట్టు పక్కన ఒక రబ్బరు చెప్పుల జత మిగిలింది. నాగూర్ ఎక్కే ముందు విడిచి, తిరిగి తొడుక్కోవడం మరిచినవి. మడమల దగ్గర అరిగి పలచబడ్డాయి. తెగిన ఎడమ పట్టీకి నల్లదారంతో, దగ్గరదగ్గరగా, వంకర లేని కుట్టు.