పడవ కట్టే కొక్కెం

మా వీధి బొమ్మను శుభ్రం చేసే పని నాకే తగిలింది. మా వీధి అంటే కాలువే. కూరగాయలొచ్చినా శవం వెళ్ళినా పడవలోనే. మా కాలువల ఊరిని ఎవరో ఎప్పుడో గీసిన ఆ బొమ్మ మ్యూజియం వెనక గదిలో నా బల్ల మీద ఉంది. పుల్లకు దూది చుట్టి, మందులో ముంచి, కొంచెం కొంచెంగా మసి తీస్తున్నాను.

మా ఇల్లు కనిపించింది. గోడకున్న ఇనుప కొక్కేన్ని బట్టి గుర్తుపట్టాను. చిలక ముక్కులా వంకర తిరిగిన ఆ కొక్కెం ఊళ్ళో మాకొక్కరికే ఉంది, రోజూ మా పడవ కట్టేది దానికే. బొమ్మలో దాని కింద నీళ్ళ రంగు మాత్రం కొత్తగా, మందంగా ఉంది. తుడిస్తే ఇట్టే ఊడి వచ్చింది. అడుగున నీళ్ళు లేవు. కొక్కేనికి దీపం వేలాడుతోంది. దీపం కింద తలుపు, తలుపు ముందు మెట్లు.

మా పెద్దాయనను పిలిచాను. పాత బొమ్మలు బాగుచేయడం నాకు నేర్పింది ఆయనే. భూతద్దంలో చూసి నవ్వాడు.

"ఇదివరకు బాగుచేసినవాడి నిర్వాకమమ్మా ఇది. వాడి రోజులకి తలుపు మునిగిపోయుంటుంది. బొమ్మే తప్పనుకుని నీళ్ళు పూసేశాడు."

"తలుపుంటే వెనక గది ఉంటుంది కదండీ."

"ఉంటుంది. కింద గది మూసేసి, పైన గచ్చు వేసుకుని బతికేవాళ్ళు. గట్టిగా మూస్తే నీళ్ళు రావు."

"మూత వదులైతే?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "మీ ఇల్లా ఇది?"

ఆ కొక్కెం పైనున్న గదిలోనే మా అత్తగారి మంచం. "నా కింద నీళ్ళు గలగలమంటున్నాయే" అని ఆవిడ ఒకటే పోరు పెట్టేది. "కాలువలో కాపురం పెట్టి నీళ్ళ చప్పుడంటే ఎలాగమ్మా, నీవి పాముచెవులు" అని మా ఆయన ఎగతాళి. నేనూ నవ్వాను. ఈమధ్య ఆవిడ ఆ మాటే ఎత్తడం లేదు. పీడా విరగడైందనుకున్నాను.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం కునుకు తీస్తే పక్కన పిడుగు పడినా లేవదు. చెప్పులు చేత్తో పట్టుకుని వంతెనల మీదుగా పరిగెత్తాను. ఇన్నాళ్ళూ ఆవిడ మీద విసుక్కున్నదంతా వెనక్కి తీసుకుంటాను, ఆవిడను మాత్రం ఉంచు దేవుడా అని దారి పొడుగునా మొక్కుకున్నాను. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

అత్తగారు మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"ఈ వేళప్పుడొచ్చావేమే? ఉద్యోగం ఊడిందా?"

"అత్తయ్యా, ముందు లేవండి. మీరన్నది నిజమే. కింద ఇంకో గది ఉంది."

దువ్వెన ఆగింది. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఇప్పుడా చప్పుడు లేదే. ఆగిపోయి నాలుగైదు రోజులైంది. చెబితే మళ్ళీ నవ్వుతారని ఊరుకున్నా."

నిండుకుండ తొణకదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ మాట తలచుకుంటే వెన్నులో వణుకు పుట్టడం మాత్రం ఆ రోజే.

చెయ్యి పట్టుకుని లేపాను. ఆవిడ అడుగు వేసిన చోటల్లా గచ్చు పగుళ్ళలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. గడప దాటాక వెనక్కి చూశాను. మంచం కాలొకటి మెల్లగా కిందికి దిగుతోంది.