మన ఆసుపత్రి, నా ఉద్యోగం

నేను చొక్కా ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన వెనకనుంచి చెప్పారు, రేపు ఆసుపత్రిలో ఇంటర్వ్యూలున్నాయని, ఎవరిని తీసుకున్నా కొన్నాళ్ళు నేను వెంట తిప్పి పని నేర్పించాలని.

ఆ పని నాదే. మా పేటవాళ్ళు తలా ఓ చెయ్యి వేసి కట్టుకున్న ఆసుపత్రి అది. లాభాల కోసం నడిచేది కాదు. చేతిలో డబ్బు లేదని ఎవరినీ గుమ్మంలోంచి తిప్పి పంపరు. ఆయన దాని కమిటీకి కార్యదర్శి. కానుపై ఇంటికెళ్ళిన తల్లుల్ని చూసి రావడం నేను పెట్టుకున్న పని. బిడ్డ పాలు తాగుతోందా, కుట్లు మానాయా, ఆ తల్లిని ఇంట్లోవాళ్ళు కాసేపైనా పడుకోనిస్తున్నారా, ఇవన్నీ మంచం పక్కన కూర్చుంటేనే తెలుస్తాయి. మొదట్లో పెద్ద నర్సమ్మ వెంట వెళ్ళాను, తర్వాత ఒక్కదాన్నే. వంటా, అత్తగారి మందులూ ముగించుకున్నాకే గడప దాటేదాన్ని. అయినా అత్తగారి లెక్కలో అది ఊరి పెత్తనం. ఆయన లెక్కలో కాలక్షేపం. కమిటీ సభల్లో మాత్రం నిస్వార్థ సేవ.

కిందటి వానల్లో కలప అడితి వెనక వీధిలో ఒక బాలింత ఒళ్ళు కాలిపోతూ దుప్పటి కింద మూలుగుతోంది. అదే తగ్గుతుందిలే అంది వాళ్ళత్త. నేను వినలేదు. బండి పిలిపించి తల్లినీ బిడ్డనీ ఆసుపత్రిలో చేర్పించాను. ఇంకో పూట ఆగితే ఆ తల్లి దక్కేది కాదని డాక్టరమ్మ కమిటీకి చెప్పింది. ఆ మాట మీదే, ఈ పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలని తీర్మానించారు. ఆ మనిషిని నేనే ఎందుకు కాకూడదో ఎవరికీ తోచలేదు. నిజానికి ఇస్త్రీ చేస్తున్న ఆ సాయంత్రం దాకా నాకూ తోచలేదు.

"మరి నేను?" అన్నాను.

ఆయన నవ్వారు. "నీకు ఉద్యోగమేంటి? అది మన ఆసుపత్రేగా."

మన ఇల్లు, మన పిల్లలు, మన ఆసుపత్రి. చాకిరీ ఉన్న చోటల్లా ఆయన నోట 'మన' అన్నమాట ఎంత ధారాళంగా వస్తుందో అప్పుడు గమనించాను. విచిత్రంగా కోపం రాలేదు. ఒళ్ళు తేలికైనట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి దరఖాస్తు నర్సమ్మ చేతికిచ్చాను. ఇన్నాళ్ళు పట్టిందా నీకు అంది.

నా వంతు వచ్చింది. బల్లకి అటువైపు డాక్టరమ్మ, నర్సమ్మ, మధ్యలో ఆయన. నన్ను చూసి, "టీ తెచ్చావా? అక్కడ పెట్టు" అన్నారు.

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "లేదండీ, ఉద్యోగానికొచ్చాను."

నర్సమ్మ తల దించుకుని నవ్వాపుకుంటోంది. ఆయన గొంతు తగ్గించి, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందామన్నారు. ఇంటర్వ్యూ చేసేచోట అభ్యర్థి బంధువులు ఉండకూడదన్న నియమం ఆయన పెట్టించిందేనని నెమ్మదిగా గుర్తుచేశాను. డాక్టరమ్మ అవునంది. ఆయన చేతిలో కాగితాలు బల్లమీద పెట్టి, లేచి బయటికెళ్ళారు.

తలుపు మూసుకున్నాక డాక్టరమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఎప్పుడు చేరతారు?"

"చేరి చాలా ఏళ్ళయిందండీ" అన్నాను. "జీతం ఇవాళ్టినుంచి ఇవ్వండి."