ఏమీ చేయకుండా కూర్చోవడం, యాభై నిమిషాలు

బస్ డిపోలో ఆయన్ని చార్టు మాస్టారు అంటారు. మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. ఇరవై రెండేళ్ళుగా ఏ డ్రైవరు ఏ పూట ఏ బండి తీయాలో, ఏ కండక్టరు ఎవరితో వెళ్ళాలో రాసి గోడకి అంటించే ఉద్యోగం ఆయనది. డిపోలో ఉన్నది నూట నలభై మంది. వాళ్ళలో ఎవరికి ఎవరితో పడదో, ఎవరి పిల్లకి పరీక్షలో, ఎవరు తెల్లారి డ్యూటీ అంటే ముఖం మాడ్చుకుంటారో అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ముందు పెన్సిల్‌తో రాస్తారు, చెరుపుతారు, మళ్ళీ రాస్తారు. అందరి సంగతీ కుదిరాక గాని సిరా పెన్ను మూత తీయరు.

అలాంటి మనిషికి భార్య ఒక సెలవు యాత్ర సంగతి అప్పజెప్పింది.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఆవగింజంత మరలు చూసి చూసి సాయంత్రానికి ఆమె కళ్ళు ఎర్రబడతాయి.

"ఎక్కడికైనా పచ్చటి చోటికి పోదామండీ," అంది ఒకరోజు. "అడవీ ఉండాలి, సముద్రమూ ఉండాలి. వెచ్చగా ఉండాలి. అక్కడ నేను ఏమీ చెయ్యకూడదు, నన్నెవరూ ఏమీ అడక్కూడదు. అక్కని కూడా రమ్మంటాను. పిల్ల ఎలాగూ వచ్చే ఏడు హాస్టలుకి పోతుంది."

"అలాగే," అన్నారు మాస్టారు.

"మీరు నిజంగా వస్తారా?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. ఇదివరకు మూడుసార్లు ఇలాగే ప్రయాణం పెట్టుకున్నారు. మూడుసార్లూ ఆఖరి రోజున డిపోలో ఏదో వచ్చి పడింది, తల్లీకూతుళ్ళే వెళ్ళొచ్చారు. "ఈసారి కూడా రాకపోతే ఇంకెప్పుడూ అడగను," అంది భార్య. కోపంగా అనలేదు. రేపు కూర ఏం వండాలో చెప్పినంత మామూలుగా అంది. అందుకే ఆ మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది.

ఈసారి వెళ్ళాల్సిందే అనుకున్నారు. మరునాడే ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళి పుస్తకాలు తెచ్చుకుని అందులోంచి ఒక దీవిని ఏరారు. ఏడాది పొడవునా వాన పడే అడవి, చెట్ల నడుమ చెక్క ఇళ్ళు, మడ చెట్ల సందుల్లోంచి పడవ, ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్ళు. దీవి పాడైపోకూడదని రోజుకి ఇంతమందినే రానిస్తారు, మనిషి మనిషికీ అనుమతి కాగితం కావాలి. ట్రావెల్స్ ఆఫీసులోనే కూర్చుని దరఖాస్తు నింపి ఇచ్చేశారు. ఆ పూట నుంచీ మాస్టారు కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు.

ఆటుపోట్ల వేళలు రాసుకున్నారు. ఏ పక్షి ఎన్నింటికి కూస్తుందో కనుక్కున్నారు. అన్నం తింటూ తింటూ లేచి వెళ్ళి, పడవలో దోమల మందు ఎవరి సంచిలో ఉండాలో రాసుకుని వచ్చారు. చివరికి డిపో నుంచి గళ్ళ కాగితం తెచ్చి, పైన మనుషుల పేర్లు, పక్కన గంటలు వేసి, ఆరు రోజుల చార్టు గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటారు చూడండి, అదీ వరస. ఐదూ నలభైకి పక్షులు. ఏడింటికి పడవ. పదకొండూ పదికి 'ఏమీ చేయకుండా కూర్చోవడం, యాభై నిమిషాలు'. దాని పక్కనే చిన్న అక్షరాలతో, 'వాన పడితే ఇదే పని, లోపల'.

వదిన, అంటే భార్యకి అక్క, ఆ కాగితం ముందు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"మరిదిగారూ, నాకు మూడింటికి ఆవలింత వస్తే ఎవరికి చెప్పుకోవాలి?"

"రెండూ నలభై నుంచి మీకు ఖాళీయే వదినా. అప్పుడు ఆవలించుకోండి," అన్నారు మాస్టారు, పెన్సిల్ ముక్కతో ఏదో దిద్దుతూ. ఆయన వేళాకోళం ఆడటం లేదు. అందుకే వదిన అంతగా నవ్వింది.

ఇంతకీ మాస్టారికి ఆ దీవి మీద ఆశ లేదనుకుంటే పొరపాటు. ట్రావెల్స్ వాళ్ళ పుస్తకంలో పదిహేనో పేజీలో ఒక బొమ్మ ఉంది. చెక్క ఇంటి వరండాలో తాళ్ళ ఉయ్యాల, దాని అవతల వాన. డిపోలో ఫోనుకీ ఫోనుకీ మధ్య ఆయన సొరుగు లాగి ఆ బొమ్మే చూసుకునేవారు. చొక్కా విప్పేసి అందులో పడుకోవాలని, ఏ బండి ఎన్నింటికి వచ్చిందో తెలియకుండా ఒక మధ్యాహ్నం గడపాలని ఆయనకి చిన్నపిల్లాడికి ఉన్నంత కోరిక. తను లేని ఆరు రోజులకీ పని చూడటానికి కింది గుమస్తా ఆవిడకి నెల రోజులు దగ్గర కూర్చుని నేర్పారు. మేనేజరు మాట మార్చకుండా సెలవు కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు.

బయల్దేరడానికి ఇంకా పది రోజులున్నాయనగా, మధ్యాహ్నం భోజనం వేళ మాస్టారు ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళారు. అనుమతి కాగితాల మీద అంటించడానికి నాలుగు ఫొటోలు ఇచ్చారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి కంప్యూటరు చూస్తూ మూడు ఫొటోలు క్లిప్పు పెట్టి, నాలుగోది వెనక్కి జరిపింది.

"ఇది ఎక్కువొచ్చింది సార్."

మాస్టారు ఆ ఫొటో తిప్పి చూశారు. అది ఆయనదే.

"ఎక్కువ కాదమ్మా, ఇది నేను."

"మీరు వెళ్ళడం లేదు కదా సార్." ఆ అమ్మాయి తెర ఆయన వైపు తిప్పింది. భార్య, కూతురు, వదిన. మూడు పేర్లూ స్వయంగా ఆయన రాతలో ఉన్నాయి. దరఖాస్తులో నాలుగో గీత ఖాళీగా ఉంది. "నాలుగు మంచాల ఇల్లు తీసుకుని ముగ్గురి పేర్లే రాశారని నాకూ అనుమానం వచ్చింది. అప్పుడే ఫోన్ చేశాను. మీ నంబరు దొరకలేదు, ఇంటికి చేస్తే మేడంగారు మాట్లాడారు. ముగ్గురేనాండీ అంటే, అవును, ఆయన రారు అన్నారు."

"ఎప్పుడు?"

"ఇరవై రోజులు దాటింది సార్."

మాస్టారు తన ఫొటోని మళ్ళీ ఆ మూడింటి పక్కకి జరిపారు. ఆ అమ్మాయికి జాలేసినట్టుంది, గబగబా ఎక్కడికో ఫోన్ చేసి కనుక్కుంది. ఆ తేదీకి ఎవరో మానుకుంటే ఒక్క చోటు మిగిలింది. సాయంత్రం ఐదింటి వరకే దాన్ని ఆపగలరట. "ఇప్పుడే రాసెయ్యమంటారా?" అంది.

రాయమనడానికి నోరు తెరిచి మాస్టారు ఆగిపోయారు. "ఫోన్ చేస్తాను," అని బయటికి వచ్చేశారు.

డిపోకి వచ్చారు గాని కుర్చీలో కూర్చోలేకపోయారు. గోడ మీది చార్టు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నూట నలభై పేర్లున్నాయి. ఆయన పేరు లేదు. ఇరవై రెండేళ్ళలో ఏనాడూ లేదు. చార్టు రాసేవాడి పేరు చార్టులో ఉండదు, అది డిపోలో ఎవరూ రాసిపెట్టని నియమం. ఎవరు రాకపోయినా ఆయన ఉంటారు కనక ఎక్కడుంటారో రాయనక్కర్లేదు. ఆ అలవాటే చేతిలోకి దిగి దరఖాస్తులోనూ ముగ్గురినే రాసింది, ఫ్రిజ్ మీద కాగితంలోనూ మూడు వరసలే గీసింది. అందరికీ శకునం చెప్పే బల్లి తనే కుడితిలో పడిందన్న సామెత ఆయన ఎందరి మీదో ప్రయోగించారు గాని తనకి తగులుతుందని అనుకోలేదు.

తన పొరపాటు తలుచుకుంటే నవ్వొచ్చింది. 'ఆయన రారు' అన్న మాట తలుచుకుంటే మాత్రం ఆ నవ్వు నిలవలేదు. గుమస్తా ఆవిడకి చెప్పి నాలుగింటికే ఇంటికి బయల్దేరారు. తను వేసిన బండే ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, అదీ గమనించలేదు.

భార్యకి ఆ రోజు వారపు సెలవు. మంచం నిండా బట్టలు పరుచుకుని సంచిలో సర్దుతోంది. కూతురు అద్దం ముందు ఎండ టోపీ పెట్టుకుని చూసుకుంటోంది. ఇద్దరూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. ఆయన గుమ్మంలోకి రాగానే అది ఆగిపోయింది.

"నేను రానని వాళ్ళకి చెప్పావా?"

భార్య చేతిలోని తువ్వాలు మడిచింది. "చెప్పాను. రారు కదా."

"వస్తాను. నా పేరు రాయడం మరిచిపోయాను."

"మరిచిపోయారా," అంది ఆమె. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. "డిపోలో నూట నలభై మందిలో ఒక్క పేరైనా ఎప్పుడైనా మరిచిపోయారా?"

"నన్నొక్క మాట అడగొచ్చుగా."

"ఏమని అడగను? ఫ్రిజ్ తలుపు మీద అంతేసి కాగితం అంటించారు. రోజూ దాని ముందు నిలబడి దిద్దారు. అందులో మీరు లేరని వచ్చిపోయే వాళ్ళందరికీ కనబడింది. ఇదివరకు ఆఖరి రోజున చెప్పేవారు, ఈసారి ముందే రాసి పెట్టారు, అదే నయం అనుకున్నాను."

"నేను చెప్దామన్నాను నాన్నా," అంది కూతురు, టోపీ తీసేసి. "అమ్మే వద్దంది."

"వద్దన్నాను. అబద్ధమెందుకు, మొదటి రోజు ఏడ్చాను. రెండో రోజు ఒళ్ళు మండిపోయింది. మూడో రోజు నుంచి..." భార్య తువ్వాలుని సంచిలో పెట్టి, మళ్ళీ తీసింది. "మూడో రోజు నుంచి నాకు హాయిగా ఉంది. గడియారం చూసేవాళ్ళు ఎవరూ ఉండరు కదా అని. ఆ కాగితం ఇక్కడే వదిలేసి వెళ్దామని అక్కా నేనూ అనుకున్నాం కూడా."

మాస్టారు మంచం అంచు మీద కూర్చోబోయి బట్టలుంటే లేచారు. హాల్లోకి వెళ్ళారు, వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు, తిరిగి వచ్చారు. డిపోలో ఎక్కడ ఖాళీ పడినా ఎవర్నో ఒకర్ని తెచ్చి అతికించగలిగిన మనిషి, తన ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ తిరిగారు. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"నాకు రావాలనుంది," అన్నారు చివరికి. "చాలా ఉంది. ఐదింటి దాకా ఒక చోటు ఆపుతామన్నారు. నువ్వు రమ్మంటే..."

"నాచేత అడిగించకండి." ఆమె ఆ తువ్వాలుని విప్పి మళ్ళీ మడిచింది. "మూడుసార్లు నేనే అడిగాను. బతిమాలాను. నాలుగోసారి కూడా నేనే అనాలా? రావాలనుంటే రండి. మీరు రావాలని నాకుందో లేదో ఈ పూట నాకే తెలీడం లేదు."

కూతురు మెల్లగా వచ్చి తల్లి పక్కన నిలబడింది. గోడ గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మాస్టారు దాని వైపు చూసి, చూసినందుకు తనని తనే తిట్టుకుని, ఫోన్ తీశారు.

అవతల వేరే మనిషి ఎత్తాడు. మధ్యాహ్నం అమ్మాయి వెళ్ళిపోయిందట. చోటు ఇంకా ఉందట. అతని గొంతు పెద్దది, గదిలో ముగ్గురికీ వినబడుతోంది. పేరు అడిగాడు, మాస్టారు చెప్పారు. వయసు అడిగాడు, చెప్పారు.

"ఈ ముగ్గురి బృందంలోనే కలపాలి కదండీ. మొదటి పేరు ఆవిడకి మీరేమవుతారు?"

మాస్టారు భార్య వైపు చూశారు. ఆమె సర్దడం ఆపేసింది. తలెత్తి సూటిగా ఆయన్నే చూస్తోంది. అవతలి మనిషి లాగే ఆమె కూడా జవాబు కోసం ఆగింది.

"భర్తనండి," అన్నారు మాస్టారు. పెళ్ళైన ఇరవై నాలుగేళ్ళలో ఆ మాట చెప్పడానికి ఆయన భయపడటం అదే మొదటిసారి.