అన్నీ జానెడే

మా ఆయన ముప్పై ఆరేళ్లు ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్‌గా పనిచేసి పోయిన నెల రిటైరయ్యారు. ఫ్యాక్టరీ ఆయన్ని వదిలింది కానీ ఆయన స్టోర్‌ని వదల్లేదు. మొదటి వారం వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించారు. రెండో వారం చెప్పుల స్టాండుకి నంబర్లు వేశారు. మూడో వారానికి ఇంట్లో నా కుట్టుగది తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"ఆ గదిలో ఏమేం ఉన్నాయో నీకైనా తెలుసా?" అని అడిగారు.

"తెలుసు. నాకు తెలిస్తే చాలదూ?" అన్నాను.

చాల్లేదన్నమాట. బుధవారం పొద్దున నేను లైనింగ్ గుడ్డ కోసం బజారుకెళ్లి రెండు గంటల్లో తిరిగొచ్చేసరికి గది గుర్తుపట్టలేకుండా ఉంది. గుండీలు రెండు కన్నాలవి ఒక సీసాలో, నాలుగు కన్నాలవి ఇంకో సీసాలో ఉన్నాయి. దారపు రీళ్లు లేత రంగు నుంచి ముదురు రంగుకి బారులు తీరాయి. జిప్పులు పొట్టివి ముందు, పొడుగువి వెనక. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న బాబిన్ డబ్బా కళ్లెదురుగా ఉంది. అబద్ధమెందుకు, నాకు సంబరమే వేసింది. ఇన్నాళ్లూ ఈయన్ని ఊరికే ఆడిపోసుకున్నానే అనుకున్నాను.

అప్పుడు నా బిస్కెట్ డబ్బా కనిపించింది. దాని మీద గుండ్రటి అక్షరాలతో ఇలా రాసుంది: "గుడ్డ పీలికలు. జానెడువి. మొత్తం 46."

ఆత్రంగా మూత తీశాను.

ఆ పీలికల సంగతి చెప్పాలి. నాకు కుట్టుపని నేర్పింది మా మేనత్త. ఆవిడకి అంకెలు రావు. అందుకని మనిషికో పొడుగాటి గుడ్డ పీలిక కత్తిరించి, ఛాతీ ఎంతుందో అక్కడొక గాటు, నడుముకి రెండు గాట్లు, చేతికి మూడు గాట్లు పెట్టేది. ఎవరిదో గుర్తుండటానికి ఒక చివర రంగుదారంతో ముడి వేసేది. కోత రోజున పీలికని గుడ్డ మీద పరిచి కోసుకుపోవడమే. నాకు అంకెలొచ్చినా చెయ్యి అలాగే అలవాటుపడిపోయింది. ఇంచీ టేపు మెళ్లో వేసుకుంటాను కానీ అది వచ్చినవాళ్ల కోసం.

ఆ డబ్బాలో ఉన్నవి బ్యాండు మేళం వాళ్ల ఎనిమిదిమంది పీలికలు. శనివారం సాయంత్రం మా ఊరి హాల్లో వాళ్ల కచేరీ. కిందటిసారి ఎవరో కుట్టిన కోట్లు వేసుకుని పాట మధ్యలో బూరా గట్టిగా ఊదేసరికి గుండీ తెగి ఎగిరి, ముందు వరసలో పెద్దమనిషి కళ్లజోడుకి తగిలిందట. బ్యాండు మాస్టారు నా దగ్గరికొచ్చి, "అక్కయ్యా, ఈసారి గుండీ ఎగిరిందంటే ఇంక మమ్మల్ని ఎవరూ పిలవరు. నీదే భారం" అని చేతులు పట్టుకున్నాడు. అందుకే ఒక్కొక్కణ్ణీ నా గదిలో నిలబెట్టి బూరా ఊదించి మరీ కొలత తీశాను. ఊపిరి వదిలినప్పుడు ఒక గాటు, ఊదినప్పుడు పక్కనే ఇంకో గాటు. ఆ రోజు వీధి వీధంతా మా గుమ్మంలోనే ఉంది.

ఇప్పుడు ఆ ఎనిమిదిమందీ జానెడు జానెడు ముక్కలై డబ్బాలో పడున్నారు.

"ఒక్కటీ ఒక సైజులో లేదనుకో! ఒకటి రెండు మూరలు, ఇంకోటి మూడు మూరలు. స్టోర్ అన్నాక ఒక పద్ధతి ఉండాలా వద్దా?" అంటూ వెనకనుంచి వచ్చారు మా ఆయన, మెచ్చుకుంటానని చూస్తూ.

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బా ఎత్తి నేల మీద బోర్లించేశాను.

"అయ్యో, అవి వరుసలో పెట్టానే!" అని అరిచారాయన.

దేని పక్కది దాని పక్కనే పేర్చిపెట్టారట. ఆయన ముక్కలు చేస్తే, వాటిని కలిపేసింది మాత్రం నేనే. తెల్లటి పీలికలన్నీ ఒకే తానులోవి, అన్నీ జానెడే.

సంగతి చెప్పాక ఆయన మొహం పాలిపోయింది. నెమ్మదిగా, "ఫోన్ చేసి కొలతలు అడుగుదామా?" అన్నారు. మేళం వాళ్లు వేరే ఊళ్లో ఉన్నారు. శనివారం నేరుగా హాలుకే వస్తారు.

"మగవాళ్లు తమ కొలత తాము తీసుకుంటే ఎప్పుడైనా నిజం చెప్పారా? పొట్ట లోపలికి లాక్కుని చెప్తారు. అలా చెప్పే కదా కిందటిసారి గుండీ ఎగిరింది!" అన్నాను. అని, కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. ఇన్నేళ్లలో ఇచ్చిన మాట తప్పలేదు నేను. ఈయనేమో నేనేం చేస్తానో ఇన్నేళ్లలో ఒక్కసారి చూడలేదు. చూసుంటే ఆ గాట్లేమిటని అడిగేవారు.

ఆయన లోపలికెళ్లి భూతద్దం, ఒక కవరు తెచ్చి నేల మీద చతికిలబడ్డారు. కవరు మీద "జానెడుకి తక్కువ. రద్దు చేయవలసినవి" అని ఉంది. స్టోర్‌కీపర్ కదా, పనికిరాని ముక్కని కూడా రాతకోతలు లేకుండా పారెయ్యరు.

"లారీవాడు సగం చించిన చీటీ తెచ్చేవాడు. రెండో సగం నా దగ్గరుండేది. అంచుకి అంచు కలిస్తేనే సరుకు వదిలేవాణ్ణి. ముప్పై ఆరేళ్లు అదే పని. ఒక్క దొంగ చీటీ కూడా నన్ను దాటిపోలేదు" అన్నారు.

ఆయన వంటింటి కత్తెరతో కోశారు కాబట్టి ప్రతి కోతా ఒక్కో వంకరలో ఉంది. ఒకచోట ఏటవాలుగా పోయింది, ఒకచోట పోగు లేచింది, ఒకచోట కత్తెర మొరాయించి మెట్టు పడింది. ఆయన అంచులు చూసి కలుపుతుంటే నేను వెనకనుంచి పట్టీ పెట్టి కుట్టేదాన్ని. మధ్యలో ఒకసారి డోలు వాయించేవాడికి బూరావాడి చెయ్యి పెట్టారు.

"ఇంత చెయ్యి వాడికి ఉంటే డోలుతో పాటు పక్కింటి తలుపు కూడా వాయించేవాడు" అన్నాను.

ఆయన నవ్వి, మళ్లీ భూతద్దం పట్టుకున్నారు. ఊదినప్పటి గాటుకీ ఊదనప్పటి గాటుకీ తేడా ఏమిటని ఆయన అడిగితే చెప్పాను. నిజంగానే విన్నారు. తిండి సంగతి ఇద్దరమూ మర్చిపోయాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎనిమిది పీలికలూ ఎనిమిదిమంది మనుషులై బల్ల మీద పడుకున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది.

కింద ఇంకా ఆరు ముక్కలు మిగిలాయి. అవి తెల్లవి కావు. ఒకటి గళ్లది, ఒకటి చారలది, ఒకటి బాగా వెలిసిన నీలంది. పనిలో పనిగా ఆయన వాటినీ కలిపేశారు.

"ఇదెవరిదోయ్? ఇంత నడుమున్న మనిషి బ్యాండులో లేడే" అన్నారు. "పైగా ఇది ముందే ఏడుచోట్ల అతికి ఉంది. ఇవి నా కోతలు కావు."

నేను వెళ్లి ఆ పీలిక ఆయన నడుముకి చుట్టాను.

నీలం ముక్క పెళ్లైన కొత్తలో ఆయనకి కుట్టిన మొదటి చొక్కాది. ఆ తర్వాత ఎప్పుడు చొక్కా బిగుతైతే అప్పుడు, కొత్త చొక్కాకి కోసిన గుడ్డలోంచే ఇంత ముక్క అతికాను. ఏ చొక్కాకీ ఆయన్ని కొలతకి రమ్మనలేదు. పిలిస్తే రారు కనక, ఆరేసిన చొక్కాలే కొలుచుకునేదాన్ని. చొక్కాలు ఎప్పుడూ సరిపోయాయి కనక, ఎలా సరిపోతున్నాయని ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఆయన ఒక్కో గుడ్డనీ వేలితో తడుముతూ, "ఇది ప్రమోషనొచ్చిన ఏడాదిది కదూ... ఈ గళ్లది వేసుకునే ఆస్పత్రిలో మన పాప ఉయ్యాల దగ్గర నిలబడ్డాను" అన్నారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పీలిక రెండు కొసలూ చక్కగా కలిశాయి. అనుమానమొచ్చి మొహంలోకి చూశాను. ఎర్రగా కందిపోయి ఉంది.

"ఊపిరి వదలండి" అన్నాను.

"వదిలే ఉన్నాను" అన్నారు, పళ్ల మధ్య నుంచి.

"నా దగ్గర దాపరికం ఎందుకండీ, వదలండి."

వదిలేశారు. కొసల మధ్య నాలుగు వేళ్ల ఎడం వచ్చింది. నేను బ్యాండువాళ్ల కోటు గుడ్డ అంచులోంచి నాలుగు వేళ్ల ముక్క కోసి ఎనిమిదో అతుకు వేస్తుంటే, ఆయన డబ్బా మీది చీటీ పీకేసి కొత్తది రాస్తూ కూర్చున్నారు. రాసి నా చేతికిచ్చారు.

"మనుషులు. మొత్తం 9. రద్దు చేయరాదు."